బియ్యం నిండుకోకముందే: విశాఖ పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి విశాఖ నుంచి వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు ఒకే సంగతి అడిగాయి. పని పోయింది, ఇల్లు గడవడం లేదు, ఎవరిని అడగాలి? విడివిడిగా జవాబులు ఇచ్చే ముందు అందరికీ ఒక మాట. డబ్బా అడుగు కనిపించేదాకా ఆగకండి. కొత్త బియ్యం కార్డుకు 21 రోజుల గడువు పెట్టారు, నడుమ ఒక్క కాగితం తప్పితే నెలన్నర. అందుకని ఇంట్లో ఇంకా నాలుగు రోజుల బియ్యం ఉండగానే మీ వార్డు సచివాలయం గుమ్మం ఎక్కండి.

ప్రశ్న: మా ఆయన గాజువాక దగ్గర కాంట్రాక్టు వెల్డరు. రెండు నెలలుగా పని లేదు. పెద్దవాడు సర్కారు బడిలో ఆరో తరగతి, చిన్నదానికి నాలుగేళ్లు. నిరుడు బియ్యం కార్డుకు పెడితే కరెంటు యూనిట్లు ఎక్కువని కొట్టేశారు. మేముండేది రెండు గదుల అద్దె వాటా, ఇంట్లో ఏసీ కూడా లేదు. ఐదు కిలోల బియ్యం మిగిలాయి. నా గాజులు తాకట్టు పెడదామంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: గాజులు అప్పుడే తియ్యకండమ్మా. తాకట్టు డబ్బు బియ్యానికీ కూరలకీ పోతే నెల తిరిగేసరికి వస్తువూ ఉండదు, బియ్యమూ ఉండవు, వడ్డీ మాత్రం ఉంటుంది. తిండి ఖర్చులో ఎంత భాగం చేతి డబ్బు లేకుండా గడుస్తుందో ముందు చూడండి. మిగిలిన డబ్బు అద్దెకూ కరెంటుకూ ఉంచుకోండి.

రేపు పొద్దున్నే చిన్నదాన్ని తీసుకుని మీ వీధి అంగన్‌వాడీకి వెళ్లండి. దానికి బియ్యం కార్డు అక్కర్లేదు. పాప ఆధార్, మీ ఆధార్, పుట్టిన తేదీ కాగితం ఉంటే చాలు. మూడు నుంచి ఆరేళ్ల లోపు పిల్లలకు అక్కడే వేడి అన్నం, గుడ్డు, పాలు పెడతారు. బడిలో పెద్దవాడికి డొక్కా సీతమ్మ పేరున పెట్టే మధ్యాహ్న భోజనం ఉంది. ఇంటి నుంచి క్యారేజీ కట్టి పంపుతుంటే ఆపేయండి. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పూటకు 150 గ్రాముల బియ్యం లెక్కన వండాలి, ఐదో తరగతి వరకు 100 గ్రాములు. ఇంత చిన్న లెక్క ఎందుకు చెబుతున్నామంటే, నెలకు 22 బడి రోజులైతే ఇద్దరు పిల్లల మధ్యాహ్నాల మీద మీ ఇంట్లో ఐదు కిలోలకు దగ్గరగా బియ్యం మిగులుతాయి.

మీ ఆయన పని వెతుక్కుంటూ బయట తిరిగే రోజుల్లో అన్న క్యాంటీన్‌లో తినమనండి. టిఫిన్ 5 రూపాయలు, భోజనం 5 రూపాయలు. పొద్దున ఏడున్నర నుంచి పది వరకు, మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు, రాత్రి ఏడున్నర నుంచి తొమ్మిది వరకు. కార్డు చూపించమని అడగరు, టోకెన్ తీసుకుని అక్కడే తినాలి. మొదటి అరగంటలో వెళ్తే పదార్థాలు అయిపోయాయనే మాట వినే పని ఉండదు. ఆదివారం సెలవు, ఆ రోజు మాత్రం ఇంట్లో చూసుకోవాలి.

ఇక అసలు చిక్కు, కార్డు. పట్టణాల్లో అర్హత ఇదీ: ఇంటి ఆదాయం నెలకు 12,000 లోపు, కరెంటు సగటున నెలకు 300 యూనిట్ల లోపు, సొంతిల్లు ఉంటే 1000 చదరపు అడుగుల లోపు, నాలుగు చక్రాల బండి ఉండకూడదు (ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరుకు మినహాయింపు), ఇంట్లో ప్రభుత్వోద్యోగి గానీ ఆదాయపు పన్ను కట్టేవారు గానీ ఉండకూడదు. రెండు గదుల వాటాలో 300 యూనిట్లు కాలవు. మీ ఆధార్‌కు మీది కాని మీటరు తగిలించి ఉంటుంది. అద్దె ఇళ్లలో ఈ తప్పు తరచూ కనిపిస్తుంది. ఒక్కోసారి సర్వేకి వచ్చినవాళ్లు ఇంటి గోడ మీదున్న మీటరు నంబరు రాసుకుపోతారు. అది మొత్తం మేడకు వచ్చే మీటరు కావచ్చు, మీరు మూడేళ్ల కింద ఖాళీ చేసిన ఇంటిదీ కావచ్చు.

దీన్ని ఇలా విప్పాలి. సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటును అడిగి మీ ఆధార్‌తో ఏయే కరెంటు సర్వీసు నంబర్లు కలిసి ఉన్నాయో రాయించుకోండి. ‘యూనిట్లు ఎక్కువట’ అనే నోటిమాట పనికిరాదు, నంబర్లు కావాలి. ఆ కాగితం, మీ ఆధార్, ఇప్పటి ఇంటి కరెంటు బిల్లు పట్టుకుని మీ ప్రాంతపు ఈపీడీసీఎల్ (కరెంటు సంస్థ) సెక్షన్ ఆఫీసుకు వెళ్లి, మీది కాని సర్వీసు నుంచి మీ ఆధార్ తొలగించమని అర్జీ ఇవ్వండి. అర్జీ రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. తొలగించాక సచివాలయంలో పాత తిరస్కరణ మీద ఫిర్యాదు నమోదు చేయించి, కొత్త దరఖాస్తు పెట్టండి. ఫిర్యాదు లేకుండా దరఖాస్తు ఒక్కటే పెడితే కంప్యూటరు పాత లెక్కే చూసి మళ్లీ కొట్టేసే అవకాశం ఉంది.

దరఖాస్తు రోజున మరో రెండు సంగతులు సరిచూసుకోండి. మీ పేరు ఇంకా పుట్టింటి కార్డులో ఉంటే కొత్త కార్డు పడదు, ముందు ఆ కార్డు నుంచి విడదీయమని అడగాలి. రెండోది ఈకేవైసీ, అంటే ఆధార్‌తో మనిషిని సరిచూడటం. ఇంట్లో అందరూ వేలిముద్ర వేయాలి, ఐదేళ్ల లోపు పిల్లలకు మాత్రం అక్కర్లేదు. మీ ఆయన పనికోసం వేరే ఊరు వెళ్లే ఆలోచనలో ఉంటే వేలిముద్ర పడ్డాకే బయల్దేరమనండి. ఒక్కరిది మిగిలినా దరఖాస్తు అక్కడే ఆగి ఉంటుంది, ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. వారం వారం మీరే అడగాలి. 21 రోజులు దాటితే సోమవారం మహారాణిపేట కలెక్టరేట్‌లో జరిగే ప్రజా ఫిర్యాదుల కార్యక్రమానికి దరఖాస్తు నంబరుతో వెళ్లండి. ఫోన్‌లో అయితే 1100. సిటీ ఆర్డినరీలోనూ మెట్రో ఎక్స్‌ప్రెస్‌లోనూ ఆడవాళ్లకు టికెట్ లేదు కనుక గాజువాక నుంచి వెళ్లిరావడానికి ఖర్చు ఉండదు, ఆధార్ దగ్గర పెట్టుకోండి.

కార్డు వచ్చాక మీ నలుగురికీ మనిషికి 5 కిలోల చొప్పున 20 కిలోల బియ్యం ఉచితం. సరుకు ఉన్న నెలల్లో పంచదార అరకిలో 17 రూపాయలకు ఇస్తారు. పిల్లల మధ్యాహ్నాలు బడిలో గడిస్తే 20 కిలోలకు పైన మీరు కొనాల్సింది నాలుగైదు కిలోలే.

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా. కంచరపాలెంలో తాపీ పని. కార్డు ఊళ్లో ఉంది. ఇక్కడి రేషన్ షాపులో అడిగితే ‘నీ కార్డు ఇక్కడిది కాదు’ అన్నారు. ఇంకో షాపులో ఒప్పుకున్నారు గానీ వేలిముద్ర పడలేదు. బియ్యం కోసం నెలనెలా ఊరెళ్లలేను.

జవాబు: ఊరెళ్లక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ కార్డు ఉన్నవాళ్లు రాష్ట్రంలో ఏ చౌకధరల దుకాణంలోనైనా తీసుకోవచ్చు. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పద్ధతిలో వేరే రాష్ట్రాల కార్డులకూ ఇది వర్తిస్తుంది. మీ పక్కన పనిచేసే ఒడిశా, బిహార్ కూలీలకు కూడా చెప్పండి. వాళ్లకు తెలియక బయట కిలోలెక్కన కొనుక్కుంటున్నారు.

డీలరు కాదన్నది బహుశా స్టాక్ భయంతో. తన కార్డులకు సరిపడానే వచ్చిందనుకుంటాడు. అందుకే గడువు చివరికి కాకుండా మొదటి వారంలో వెళ్లండి. షాపులు 1 నుంచి 15వ తేదీ వరకు, పొద్దున 8 నుంచి 12, సాయంత్రం 4 నుంచి 8 తెరుస్తారు. కార్డు నంబరు మిషన్‌లో కొట్టి చూడమనండి. మిషన్ మీ పేర్లు చూపిస్తే ఇవ్వనని అనే హక్కు డీలరుకు లేదు. అప్పటికీ కాదంటే షాపు నంబరు గోడ మీద చూసి రాసుకుని, అక్కడే నిలబడి 1967కు ఫోన్ చెయ్యండి. ఇంటికెళ్లాక చేసే ఫోన్ కన్నా గుమ్మంలో చేసే ఫోన్ బాగా పనిచేస్తుంది. ఆహార భద్రత చట్టం కింద జిల్లాలో ఫిర్యాదుల అధికారి జాయింట్ కలెక్టరు.

వేలిముద్ర సంగతి. సిమెంటు, సున్నం వేళ్ల మీది గీతల్ని అరగదీస్తాయి. మీ వేళ్లను దగ్గరగా చూసుకోండి, బొటనవేలి నడుమ నున్నగా మెరుస్తుంటుంది, గీతలు అంచున మాత్రమే ఉంటాయి. బొటనవేలు, చూపుడువేలు పనిలో ఎక్కువ అరుగుతాయి కనుక ఉంగరపు వేలు, చిటికెన వేలు వేసి చూడండి. ముందు రోజు రాత్రి వేళ్లకు కొబ్బరినూనె రాసి పడుకుని, పొద్దున సబ్బుతో కడిగి, తుడిచి, కాస్త చెమ్మ ఉండగానే పెట్టండి. ఎండిపోయిన వేలినీ, నూనె వేలినీ మిషన్ చదవదు. గట్టిగా నొక్కినా గీతలు కలిసిపోతాయి. అప్పటికీ పడకపోతే కంటిపాప మిషన్‌తో తీసుకోమనండి. ఇంట్లో కార్డులో పేరున్న ఇంకెవరు వేసినా సరుకు ఇస్తారు, మీ భార్య ఇక్కడే ఉంటే ఆమెను తీసుకెళ్లండి. తీరిక చూసుకుని ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు కొత్తగా వేయించుకోండి. పని ఆగిన నాలుగైదు రోజుల తర్వాత వెళ్తే గీతలు కొంత తేలి ఉంటాయి.

ఒక హెచ్చరిక కూడా. రేషన్ తీసుకోకుండా వరుసగా ఆరు నెలలు వదిలేస్తే కార్డును నిలిపివేసి విచారణ చేసే నిబంధన 2025లో వచ్చింది. మీరు ఇప్పటికి ఎన్ని నెలలు వదిలేశారో లెక్కపెట్టుకోండి.

ప్రశ్న: ఆరిలోవ నుంచి రాస్తున్నాను. రేషన్ బియ్యం కడుగుతుంటే కొన్ని గింజలు పైకి తేలుతున్నాయి. ప్లాస్టిక్ బియ్యమని అందరూ ఏరి పారేస్తున్నారు. కొందరు బియ్యమంతా అమ్మేస్తున్నారు. తినొచ్చా? నలుగురికి పూట గడిచేలా వండే పద్ధతి కూడా చెప్పండి.

జవాబు: అవి ప్లాస్టిక్ కాదమ్మా. పారేయకండి. బియ్యాన్ని పిండిచేసి, అందులో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి, మళ్లీ బియ్యపు గింజ ఆకారంలో ఒత్తిన గింజలవి. మామూలు బియ్యం వందకు ఒకటి చొప్పున కలిపి ఇచ్చినవి. ఒత్తిన గింజ కాబట్టి తేలిక, నీళ్లలో తేలుతుంది. రంగు కూడా కొంచెం తేడాగా, పాలిపోయినట్టుంటుంది. అనుమానముంటే పది గింజలు ఏరి చిన్న గిన్నెలో ఉడికించండి. మెత్తబడి వేలి మధ్య నలిగితే అది పిండి, ప్లాస్టిక్ నలగదు. రక్తం తక్కువగా ఉన్న ఆడవాళ్లకూ పిల్లలకూ పనికొచ్చేవే తేలే గింజలతో పాటు తూములోకి పోతున్నాయి. బియ్యం చేటలో చెరిగి రాళ్లు తీశాక రెండుసార్లకు మించి కడగకండి, నీళ్లు వంపేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టండి. ఇంట్లో తలసీమియా ఉన్నవాళ్లుంటే మాత్రం డాక్టరును అడిగి పెట్టండి.

అమ్మడం నేరమని వేరే చెప్పక్కర్లేదు, లెక్క చూసినా నష్టమే. చవగ్గా అమ్మిన బియ్యానికి బదులు సన్నబియ్యం కొనాలంటే దానికి ఎన్నో రెట్లు పెట్టాలి. ముద్దవుతోందని అమ్మేవాళ్లకు ఒక ఉపాయం: అరగంట నానబెట్టి, నీళ్లు ఎక్కువ పోసి ఉడికించి, పలుకు మీద ఉండగానే వార్చండి. కుక్కర్లో పెడితే లావు బియ్యం ముద్దే అవుతుంది. వార్చిన గంజి పారబోయకండి. ఉప్పు వేసి పొద్దుటికి ఉంచితే తరవాణి, రాత్రి మిగిలిన అన్నం అందులో వేస్తే ఒక పూట చద్ది.

పొద్దుటి పూట చోడి (రాగి) అంబలి పెట్టండి. నలుగురికి 100 గ్రాముల చోడి పిండి రాత్రే రెండు గ్లాసుల నీళ్లలో కలిపి ఉంచాలి. పొద్దున లీటరు నీళ్లు మరిగించి, గుప్పెడు నూకలు వేసి, అవి మెత్తబడ్డాక పులిసిన పిండి పోసి, అడుగంటకుండా పది నిమిషాలు కలపాలి. చల్లారాక ఉప్పు, మజ్జిగ. పక్కన ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. పిండిని నేరుగా మరిగే నీళ్లలో వేస్తే ఉండలు కడుతుంది, లోపల పచ్చి ఉండిపోయి పిల్లలకు కడుపు నొస్తుంది. కొన్ని నెలల్లో రేషన్‌లో బియ్యానికి బదులు చోళ్లు ఇస్తుంటారు, స్టాకుందేమో అడిగి రెండు కిలోలు మార్చుకోండి.

కూరకు కందిపప్పు 100 గ్రాములు, తోటకూర రెండు కట్టలు కలిపి వండితే నలుగురికి వస్తుంది. రైతుబజారుకు మూసే వేళ ముందు వెళ్లండి. ఎంవీపీలో అయినా సీతమ్మధారలో అయినా బోర్డు మీద రాసిన ధర కన్నా ఆకుకూరలు ఆ వేళకు తగ్గించి ఇచ్చేస్తారు.

ప్రశ్న: పెదజాలరిపేట. వేట నిషేధంలో రెండు నెలలు ఇల్లు కష్టం. ప్రభుత్వం ఇచ్చే 20,000 మా బోటులో ఇద్దరికి పడింది, మా ఆయనకు పడలేదు.

జవాబు: నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. సాయం పడాలంటే లెక్క తీసేవాళ్లు వచ్చిన రోజున బోటు ఒడ్డున కనపడాలి, బోటు యజమాని ఇచ్చిన కళాసీల జాబితాలో మీ ఆయన పేరు ఉండాలి. ఆ జాబితాలోనే పేరు లేకపోయి ఉండవచ్చు, లేదా ఏడాది మధ్యలో వేరే బోటు మారితే రెండు చోట్లా పేరుండి రెండూ ఆగి ఉండవచ్చు. ముందు యజమాని దగ్గర జాబితా చూడండి, తర్వాత సచివాలయంలో మత్స్య సహాయకుడిని కలవండి. జాబితాలో పేరు ఉండి డబ్బు పడకపోతే ఆధార్ ఏ బ్యాంకు ఖాతాకు కలిసి ఉందో చూడమనండి. చాలాసార్లు డబ్బు మరిచిపోయిన పాత ఖాతాలో పడి ఉంటుంది.

వచ్చే ఏడు కోసం మార్చి నెలలోనే పేరు సరిచూసుకోండి. నిషేధం మొదలయ్యాక కిరాణా ఖాతా పెరిగిపోతుంది కనుక షాపువారితో ముందే ఒక హద్దు మాట్లాడుకోండి, వారానికి ఇంతకు మించి రాయొద్దని. పసిబిడ్డ తల్లి గానీ కడుపుతో ఉన్న ఆడపిల్ల గానీ ఇంట్లో ఉంటే ఈ రెండు నెలలూ అంగన్‌వాడీ ఇచ్చే గుడ్లు, పాలు ఒక్కటి కూడా వదలకండి.

ప్రశ్న: మా వీధిలో డెబ్బై దాటిన ఒక అవ్వ ఒంటరిగా ఉంది. భర్తకు పింఛను వచ్చేది, ఆయన పోయి నాలుగు నెలలైంది. వండుకునే ఓపిక లేదు. ఏదైనా దారి ఉందా? (వన్ టౌన్)

జవాబు: ఉంది. పింఛనుదారు భర్త చనిపోతే ఆ పింఛను భార్యకు ఇచ్చే ఏర్పాటు ఉంది, నెలకు 4,000. అవ్వకు వేరే పింఛను లేకపోతే మరణ ధ్రువపత్రం, ఇద్దరి ఆధార్‌లు సచివాలయంలో ఇవ్వండి. నాలుగు నెలలు ఎవరూ చెప్పకపోతే ఆఫీసు దానంతటది ఇవ్వదు, మీరు తోడు వెళ్లండి. ఒంటరిగా ఉండే 65 దాటినవాళ్లకు రేషన్ డీలరే ఇంటికి తెచ్చి ఇవ్వాలి, ఆ జాబితాలో పేరు వేయించండి. వండే ఓపిక లేనివాళ్లకు నడవగలిగే దూరంలో అన్న క్యాంటీన్ ఉంటే సరే. లేకపోతే వీధిలో నలుగురు రోజుకొకరు చొప్పున ఒక గిన్నె ఇవ్వడం కన్నా మంచి పద్ధతి కనిపించడం లేదు. సింహాచలం కొండ మీద మధ్యాహ్నం నిత్యాన్నదానం, సీతమ్మధార గురుద్వారాలో లంగరు (ఉచిత భోజనం) అందరికీ ఉన్నాయి గానీ అవ్వ వయసుకు రోజూ అంత దూరం సాధ్యం కాదు. వృద్ధుల సాయానికి 14567 అనే ఫోన్ నంబరు కూడా ఉంది.

ప్రశ్న: మూడు ఉచిత సిలిండర్లని చెప్పారు, మాకు డబ్బు వెనక్కి రాలేదు. మల్కాపురం.

జవాబు: దీపం పథకంలో ముందు మీరే పూర్తి ధర కట్టాలి, 48 గంటల్లో ఖాతాలో పడాలి. ఏడాదికి మూడు, కానీ నాలుగు నెలలకు ఒకటే: ఏప్రిల్ నుంచి జులై, ఆగస్టు నుంచి నవంబరు, డిసెంబరు నుంచి మార్చి. ఒకే విడతలో రెండోది బుక్ చేస్తే దానికి రాదు, వాడని విడత తర్వాతికి జమ కాదు. బియ్యం కార్డు ఉండాలి, గ్యాస్ ఏజెన్సీలో ఈకేవైసీ అయి ఉండాలి, కనెక్షన్ పేరూ ఆధార్ పేరూ కలవాలి. చనిపోయిన అత్తగారి పేరు మీద కనెక్షన్ నడుస్తున్న ఇళ్లకు డబ్బు ఆగేది ఇక్కడే. ఏజెన్సీలో పేరు మార్పించుకోండి. ముందు కట్టడానికే డబ్బు లేకపోతే లోన్ యాప్ జోలికి పోవద్దు. మీ పొదుపు సంఘంలో అంతర్గత అప్పు అడగండి, రెండు రోజుల్లో తిరిగి కట్టే అప్పు అది.

ప్రశ్న: పక్కింటివాళ్లు ఇబ్బందిలో ఉన్నారని తెలుస్తోంది, అడగరు. ఏమిస్తే నొచ్చుకోరు? మధురవాడ.

జవాబు: బియ్యం మూట ఇవ్వకండి. కార్డున్న ఇంట్లో బియ్యం ఎలాగో ఉంటాయి, లేనివి మిగతావి. లీటరు నూనె, కిలో కందిపప్పు, పావుకిలో చింతపండు, ఉప్పు, కారం, పసుపు, టీపొడి, బట్టల సబ్బు. ఇంట్లో ఆడపిల్లలుంటే రెండు ప్యాకెట్లు శానిటరీ ప్యాడ్లు, ఇవి ఎవరూ నోరు తెరిచి అడగరు, డబ్బు చాలనప్పుడు మొదట మానేసేది కూడా ఇవే. పసిబిడ్డ ఉంటే పాలపొడి ఏది తాగుతుందో కనుక్కునే కొనండి, బ్రాండు మారిస్తే కొందరు పిల్లలకు పడదు.

ఇచ్చేటప్పుడు పిల్లల ముందు, వీధి గుమ్మంలో వద్దు. ఫోటో అసలే వద్దు. ‘ఊరి నుంచి వచ్చాయి, మాకు ఎక్కువయ్యాయి’ అంటే తీసుకుంటారు. సరుకులతో పాటు ఇంకో పని చెయ్యగలిగితే, ఒక పూట సెలవు పెట్టి ఆవిడతో సచివాలయానికి వెళ్లండి. ఫారం నింపడం వచ్చినవాళ్లు పక్కన ఉంటే అక్కడ జవాబు వేరేగా ఉంటుంది. కార్డు సంగతి తేలేదాకా ప్రభుత్వ సేవల మనమిత్ర వాట్సాప్ నంబరు 9552300009 ఆవిడ ఫోన్లో సేవ్ చేసి, అది ఎలా వాడాలో ఒకసారి చూపించి రండి.